చుక్క కారని తోట

ఉత్తరంలో అది కొట్టెయ్ తల్లీ. ‘మేమంతా క్షేమం’ అని మొదలుపెడితే మీ అమ్మమ్మకి అక్కడే అనుమానం వస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను క్షేమం అన్నప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి పగిలే ఉంది. నేరుగా మేడ మీదికి పోదాం. నేను మెల్లగా చెప్తాను, నువ్వూ మెల్లగా రాయి. తొందరపెట్టకు. బతుకంతా రోడ్డు రోలరు నడిపినవాణ్ణి. నా పక్కనుంచి సైకిళ్ళు దాటిపోయేవి, కుక్కలు దాటిపోయేవి, ఒకసారి ఒక బాతు కూడా తీరుబడిగా దాటిపోయింది. నా మాటా అంతే. కానీ వెళ్ళినంత మేరా చదునుగా వెళ్తుంది.

నువ్వు నిన్న వచ్చావు కాబట్టి నీకు సగమే తెలుసు. మీ అమ్మమ్మ కంటి ఆపరేషన్‌కని మీ పెద్దమ్మ ఇంటికి బయల్దేరే రోజుకి మేడ మీద తోట నిండుగా ఉంది. తోట అంటే నేలా కాదు, గట్టూ కాదు. రంగు డబ్బాలు. మీ లప్పం తాతయ్య, అదే మీ అమ్మమ్మ తమ్ముడు, నా బావమరిది, ఊళ్ళో వాళ్ళ గోడలకి రంగులు వేసి వేసి ఖాళీ చేసిన పెద్ద డబ్బాలు. వాటిలో టమాటా, వంగ, బెండ, మిర్చి. పిట్టగోడ పక్కన ఇంకా పెద్ద డబ్బాలో బీర తీగ.

వాడికి లప్పం అని పేరెందుకొచ్చిందో రాయి, మీ పెద్దమ్మ పిల్లలకి తెలియకపోవచ్చు. గోడకి రంగు వేసే ముందు పగుళ్ళూ మేకు కన్నాలూ పూడ్చే ముద్ద ఉంటుంది చూడు, అది లప్పం. వాడి లెక్కలో లోకంలో ఏ కష్టమైనా ఎక్కడో ఓ కన్నం మూయకపోవడం వల్లే వస్తుంది. మూసి, ఆరనిచ్చి, రెండు కోటింగులు వేస్తే సరి. పెళ్ళి చేసుకోరా అంటే ఆ ఒక్క కన్నం మాత్రం పూడ్చుకోలేదు, మా ఇంట్లోనే ఉండిపోయాడు.

ఆ డబ్బాల అడుగున మీ అమ్మమ్మ మేకుని ఎర్రగా కాల్చి చిల్లులు పొడిచిన రోజు వాడి ముఖం చూడాల్సింది. “బంగారంలాంటి డబ్బాలక్కా! ఒక్కదానికీ గీత కూడా పడకుండా తెచ్చానే!” అని కూతుర్ని అత్తారింటికి పంపినవాడిలా దిగులుపడ్డాడు. “మొక్కకి నీళ్ళు తాగడానికీ దారి కావాలి, పోవడానికీ దారి కావాలిరా” అంది ఆవిడ. వాడికి అది ఎక్కలేదు. నాకూ ఎక్కలేదని ఇప్పుడు తెలిసింది.

బయల్దేరే ముందు మీ అమ్మమ్మ నన్ను మేడ మీదికి తీసుకెళ్ళింది. కన్ను మసకేసి మెట్లు తడుముకుంటూ ఎక్కింది కానీ, డబ్బాల మధ్యకి వచ్చాక తడుముకోలేదు. ప్రతి డబ్బా దగ్గరా వంగి, మట్టిలో వేలు గుచ్చి చూపించింది.

“ఇదిగో, ఇలా గుచ్చు. రెండో కణుపు దాకా తడి తగిలితే నీళ్ళు పొయ్యకు. పైన ఎండినట్టే కనిపిస్తుంది, దాన్ని నమ్మకు.”

“సరే.”

“నువ్వు సరే అన్నావంటే నాకు భయం. వంగ ఇప్పుడే పూతకొచ్చింది. నేను తిరిగొచ్చేసరికి పిందెలైనా ఉండాలి. ఇన్నాళ్ళూ వాటిని తడిమి తెలుసుకుంటున్నాను. కట్టు విప్పాక వాటినే ముందు చూడాలి.”

“నన్ను కాదా?”

“నిన్ను మసకగా చూస్తేనే నయం.”

అదీ ఆవిడ వెళ్ళిన తీరు.

ఇంటి సంగతి నీకు తెలుసు. మనం కింద, ఓనరుగారు పైన, ఆయన నెత్తిమీద మన తోట. అమ్మమ్మ వెళ్ళిన కొద్ది రోజులకి ఓనరుగారు నన్ను పైకి పిలిచాడు. ఎప్పుడూ హాల్లోనే నిలబెట్టి మాట్లాడే మనిషి, ఆ రోజు పడగ్గదిలోకే తీసుకెళ్ళాడు. మంచానికి సరిగ్గా పైన, స్లాబుకి పసుపుపచ్చ మరక. మధ్యలో నల్లగా, చుట్టూ ఉబ్బి, సున్నం పొరలు పొరలుగా లేచి ఉంది.

“చూశారా పెద్దాయనా? పడుకుంటే కళ్ళకి ఎదురుగా ఇదే. కళ్ళు మూసుకుంటే ఎప్పుడు ముక్కు మీద ఊడిపడుతుందోనని నిద్ర పట్టదు.”

“అయ్యో” అన్నాను.

“అయ్యో అంటే ఆరిపోతుందా? మీ డబ్బాల నీళ్ళే ఇవి. పైన మడుగులు కట్టి ఇంకుతున్నాయి.” ఆయన చెప్పులు విప్పి మంచమెక్కి, జేబులోంచి పెన్సిల్ తీసి, మరక అంచు వెంబడే గీత గీశాడు. చెయ్యి అందక మునివేళ్ళ మీద లేస్తే మంచం కిర్రుమంది. “ఇదిగో గీత. అమ్మగారు ఊరినుంచి వచ్చేలోపు మరక ఈ గీత దాటిందంటే డబ్బాలన్నీ కిందికి దించేస్తాను. తర్వాత నన్ను అనొద్దు.”

కింద అంటే మన వెనక సందు. అక్కడ పక్కింటి మేడ లేచాక సూర్యుడు తొంగి కూడా చూడడు. బట్టలే ఆరవు, బెండకాయలెక్కడ కాస్తాయి? డబ్బాలు దిగితే తోట పోయినట్టే. మీ అమ్మమ్మ కొత్త కంటితో వచ్చి ఆ సందులో నాచు చూసుకోవాలి.

కిందికొచ్చి బావమరిదికి చెప్పాను. వాడు టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టేశాడు.

“మా అక్క తోట మీదికొచ్చాడా? నీళ్ళు కారకపోతే మరకెలా పెరుగుతుందో నేనూ చూస్తా. నాకొదిలెయ్ బావా.”

“ఏం చేస్తావురా?”

“నా పని నేను చేస్తా. నువ్వు కాస్త కునుకు తియ్. నీకు చెప్తే నువ్వు ఆలోచిస్తావు, నువ్వు ఆలోచించేసరికి వానాకాలం వస్తుంది.”

నేను కునుకు తీశాను తల్లీ. ఆ ఒక్క పనీ సక్రమంగా చేశాను. లేచి మేడ మీదికి వెళ్ళేసరికి డబ్బాల చుట్టూ నేలంతా తెల్లగా మెరిసిపోతోంది. నీళ్ళు ఇంకకుండా వేసే రంగు వేశాడు. వాడి చేతులు మోచేతుల దాకా తెలుపు, మీసం తెలుపు. నడుము పట్టుకుని పిట్టగోడకి ఆనుకుని రొప్పుతున్నాడు. నేల మీద ఒక్క రంగు వేసినందుకు ఇంత ఆయాసమేమిటని నేను అడగలేదు. అడగాల్సింది.

“ఇక చుక్క కారితే నా పేరు మార్చుకుంటా” అన్నాడు.

“ఏ పేరు? నీకున్నది మేం పెట్టిన పేరే కదరా.”

మర్నాడు నీళ్ళు పోశాను. నిజంగానే చుక్క కారలేదు. అంతకుముందు డబ్బాల కిందనుంచి సన్నగా పాయలు పాయలుగా వచ్చేవి, నేలంతా తడిసేది. ఇప్పుడు అద్దంలా పొడిగా ఉంది. ఇద్దరం చంటిపిల్లవాడు పక్క తడపలేదని మురిసిపోయిన తల్లిదండ్రుల్లా ఆ నేలని చూసుకున్నాం.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. ఎండ ముదిరింది. మధ్యాహ్నం అయ్యేసరికి టమాటా ఆకులు చెవులు వాల్చిన కుక్కపిల్లల్లా వేలాడడం మొదలుపెట్టాయి. వేలు పెట్టమంది మీ అమ్మమ్మ, గుర్తుంది. కానీ పైమట్టి పెళుసుబారి, పగుళ్ళిచ్చి, కాల్చిన ఇటుకలా ఉంటే వేలెందుకు? కళ్ళున్నాయి కదా! పైగా నాది వేరే బడి. రోలరు చక్రం మీద నీళ్ళు పడుతూనే ఉండాలి. ఎండిందా, వేడి తారు చక్రానికి అంటుకుని రోడ్డునే చుట్టుకుని లేచొస్తుంది. ఎండలో ఏది కనిపించినా తడిపెయ్యాలన్నది నా చేతికి పట్టుకున్న రోగం. పొద్దున ఒక బకెట్టు, ఆకులు వాలితే ఇంకో బకెట్టు, సాయంత్రం మనసాగక ఇంకోటి.

పోసినకొద్దీ వాలాయి. వాలినకొద్దీ పోశాను.

కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు. పడుకుంటే ఫ్యాను చప్పుడులో మేడ మీద ఆకులు రాలుతున్నట్టే ఉండేది. కాలు కాలిన పిల్లిలా ఆ మెట్లు ఎక్కడం, దిగడం. ఎక్కితే ఆకులు కనిపిస్తాయి, దిగితే మరక గుర్తొస్తుంది. మధ్య మెట్టు మీద ఓనరుగారి తలుపు. ఆయన తలుపు తీసి ఏమీ అనకుండా చూపుడు వేలు పైకి చూపించేవాడు. అంటే మరక పెరుగుతోందని. కొన్నాళ్ళకి ఆయన మాట్లాడ్డమే మానేశాడు, వేలు ఒక్కటే మాట్లాడేది.

“గీత దాటిందట్రా” అన్నాను బావమరిదితో.

“దాటదు! ఎలా దాటుతుంది? పెన్సిల్ తుడిచేసి లోపలికి గీసుంటాడు ఆ మనిషి.”

“ఆయనకేం పని?”

“మేడ మీద బట్టలారేసుకోడానికి చోటు కావాలి. ఓనరమ్మగారి చీరలకి మన బీర తీగ అడ్డం.”

నేను నమ్మలేదు, అలాగని నమ్మకుండానూ లేను. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది పని. కింద చుక్క పడడం లేదు, పైన మొక్క బతకడం లేదు, మధ్యలో మరక పెరుగుతోంది. ఆ నీళ్ళన్నీ ఎటు పోతున్నట్టు? మొక్కలు తాగి ఉంటే అలా వాడవు. ఆవిరైపోతున్నాయని వాడు తేల్చాడు. పాత దుప్పటి, గ్రీన్ నెట్టు, చివరికి తన రంగుల పనికి నేల మీద పరుచుకునే గుడ్డ కూడా తెచ్చి పందిరిలా కట్టాడు. మేడ మీద సర్కస్ దిగినట్టు ఉంది.

పందిరి కింద టమాటా పసుపుపచ్చబడింది. వంగ పూలు కాడతో సహా రాలాయి. వాటిని ఏరి జేబులో వేసుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. మీ అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడు ఆ పూలు నా జేబులోనే ఉన్నాయి.

“వంగ పూత నిలిచిందా?”

బావమరిది ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఊపాడు, చెప్పొద్దని.

“నిలిచింది” అన్నాను.

“పిందెలు?”

వాడు వేళ్ళు దగ్గరగా పెట్టి చూపించాడు.

“చిన్నవి. చాలా చిన్నవి.”

“బెండ? రోజూ కోస్తున్నావా? ముదరనిచ్చావంటే కాపు ఆగిపోతుంది.”

“నీ కన్నెలా ఉంది?”

“నా కన్ను సంగతి డాక్టరు చూసుకుంటాడు. నువ్వు మాట తప్పిస్తున్నావంటే ఏదో ఉంది.”

“ఏం లేదు. ఎండగా ఉంది.”

“ఎండాకాలం ఎండగా ఉండక?” అని పెట్టేసింది. పెట్టేసింది కానీ నమ్మలేదు. ఇన్నేళ్ళు కాపురం చేశాక అవతల ఫోన్ పెట్టే చప్పుడులో కూడా అర్థమవుతుంది.

ఇక ఆవిడ వచ్చే రోజులు దగ్గరపడుతుండగా ఒక పొద్దున ఓనరుగారు మోతమనిషిని వెంటబెట్టుకుని మేడెక్కాడు. భుజం మీద తుండు వేసుకున్న బలమైన మనిషి. ఆయన వెనకాల ఓనరమ్మగారు కూడా, బట్టల క్లిప్పుల డబ్బా చేత్తో పట్టుకుని. నేను బీర డబ్బాకి అడ్డంగా నిలబడ్డాను.

“సార్, ఆవిడ వచ్చేదాకా అన్నారు. ఇంకా రాలేదు.”

“గీత దాటేదాకా అన్నాను. దాటి జానెడు పోయింది. రాత్రి సున్నం పెచ్చు నా దిండు మీద పడింది. రండి చూపిస్తాను, ఇంకా అక్కడే ఉంచాను.”

“ఒక్క చుక్క కారడం లేదు సార్, ప్రమాణం చేసి చెప్తాను!” అన్నాడు బావమరిది.

“అయితే నా స్లాబు చెమట పోస్తోందా?”

“ఏమో, ఎండాకాలం.”

ఓనరమ్మగారు చప్పున నవ్వి, ఆయన చూస్తే ఆపుకుంది. మోతమనిషి వంగి టమాటా డబ్బా అంచు పట్టుకుని ఎత్తబోయాడు. డబ్బా కదల్లేదు. మీ అమ్మమ్మ కూర్చునే స్టూలు లాగి, డబ్బాని వంచి దాని మీదికి ఎక్కించాలని చూశాడు.

“ఏముంది పెద్దాయనా ఇందులో, సీసమా?”

“మట్టే.”

“మట్టి ఇంత బరువా? మా నాన్నని మోసినప్పుడు కూడా ఇంత బరువు లేడు.”

అంటూ ఒక్క ఊపు ఊపాడు. డబ్బా ఒరిగింది. ముందు పెళుసు మట్టి పలక ఒకటి జారి పడింది, దాని వెనకాల నల్లటి నీళ్ళు, తర్వాత బురద, ఆ పైన వాసన. అబ్బ, ఆ వాసన రాయలేవులే తల్లీ, మురుగు కాలవ అని రాసెయ్. టమాటా మొక్క నిలువునా జారి అతని పాదాల మీద పడింది. వేళ్ళు లేవు. ఉన్నచోట గోధుమరంగు దారాలు, పట్టుకుంటే తోలు ఊడి చేతికొచ్చేశాయి. ఎండకి మాడిందని నేను రోజుకి మూడుసార్లు నీళ్ళు పోసిన మొక్క నీళ్ళలో మునిగి చచ్చిపోయింది.

నేను డబ్బా తిరగేశాను. అడుగు చూశాను. మీ అమ్మమ్మ కాల్చిన మేకుతో పొడిచిన కన్నాలు ఉండాలి కదా? లేవు. అడుగంతా పెళ్ళికూతురి చెంపలా నున్నగా, తెల్లగా ఉంది. గోరుతో గీకాను. గోరు విరిగింది కానీ అది రాలేదు.

“ఏరా?” అన్నాను.

వాడు ఇంకా అర్థం కాక గర్వంగానే ఉన్నాడు, చూడు! “రాదు బావా. పైపులకి పెట్టే ముద్ద అది, రెండు రంగులవి కలిపి పిసికితే రాయైపోతుంది. ఒక్కో డబ్బానీ ఒరగబెట్టి, తుడిచి, ఆరబెట్టి, కన్నం కన్నానికీ కూరాను. పైన రెండు కోటింగులు.”

“అన్నిటికీనా?”

“అన్నిటికీ. చుక్క కారకూడదనేగా?”

తర్వాత వాడు నా ముఖం చూశాడు. కింద మొక్కని చూశాడు. బురద చూశాడు. వాడి నోరు కొద్దిగా తెరుచుకుంది, మళ్ళీ మూసుకోలేదు. ఆ కన్నాలు ఎందుకో వాడికి అప్పుడు తెలిసింది తల్లీ. తన అక్క ఎన్నిసార్లు చెప్పినా తెలియనిది.

నాకు కోపం రాలేదా? వచ్చింది. ఆ తుండు లాక్కుని వాణ్ణి బాదాలన్నంత వచ్చింది. కానీ ఏమని బాదను? వాడు మూశాడు, నేను పోశాను. ఒకడు తలుపేస్తే ఇంకొకడు లోపల నిప్పు పెట్టినట్టు, ఇద్దరం కలిసి చేశాం.

ఓనరుగారు మాత్రం ఆ డబ్బా అడుగునే చూస్తున్నాడు. వంగి, వేలితో తట్టి, ఇంకో డబ్బా ఒరగబెట్టమన్నాడు. అదీ అంతే. ఇంకోటి. అదీ అంతే.

“ఎప్పుడు మూశారు ఇవి?”

“మీరు గీత గీసిన రోజేనండి” అన్నాడు బావమరిది.

“ఆ రోజు నుంచీ కిందికి చుక్క పోలేదా?”

“పోలేదండి. పోయుంటే ఇవి బతికేవి.”

ఓనరుగారు తలెత్తి నాకేసి చూశాడు, నేలకేసి చూశాడు, తర్వాత ఎటూ చూడలేదు. “మరి నా గదిలోకి వచ్చే నీళ్ళు ఎక్కడివి?” అని తనలో తను అడుక్కున్నట్టు అన్నాడు.

నాకు కాస్త కూర్చోవాలనిపించింది. స్టూలు మీద డబ్బా ఉంది. ఎండ నడినెత్తికి వస్తోంది, మేడంతటికీ నీడ ఒక్కచోటే ఉంది, ఓనరుగారి నీళ్ళ టాంకు కింద. అక్కడి గట్టు మీద ఎప్పుడూ కూర్చోలేదు నేను, చీకటిగా, బూజుగా ఉంటుంది. వెళ్ళి కూలబడ్డాను. మోతమనిషి ఏ డబ్బా ముందు దించాలని అడుగుతున్నాడు, ఓనరమ్మగారు ఆగమంటోంది, బావమరిది చచ్చిన మొక్కని పసిపిల్లలా రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. నేను కళ్ళు మూసుకున్నాను. చల్లగా అనిపించింది. ఎంత చల్లగా అంటే, ఈ ఎండలో ఇంత హాయి ఎక్కడిదా అనిపించేటంత.

లేచి నిలబడేసరికి ఓనరమ్మగారు ముఖం పక్కకి తిప్పుకుంది. బావమరిది నా వెనక చూసి, అంత దుఃఖంలోనూ, “బావా, ఈ వయసులో ఇదేంటి?” అన్నాడు.

తడిమి చూసుకున్నాను. వెనకంతా తడి. చొక్కా అంచు దాకా తడి.

“నేను కాదురా!” అని అరిచాను. బతుకులో అంత తొందరగా ఏ మాటా అనలేదు.

గట్టు మీద చెయ్యి పెట్టాను. తడి. గట్టూ గోడా కలిసే మూలలో వేలు పెట్టాను, వేలు లోపలికి పోయింది. ఓనరుగారు పరిగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని తొంగి చూశాడు. టాంకు వెనకాల, గోడవైపు, పైపు జాయింటు దగ్గర సన్నగా, దారంలా, చప్పుడు లేకుండా నీళ్ళు కారుతున్నాయి. కారి, నేల మీదికి రాకుండా, నేరుగా ఆ మూల పగుల్లోకి దిగిపోతున్నాయి. ఆ మూల కిందే ఆయన మంచం.

ఓనరమ్మగారు క్లిప్పుల డబ్బా చంకలో పెట్టుకుని అంది, “ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మన టాంకు కారితే వాళ్ళ టమాటాల మీద పడ్డారు. నేను చెప్పానా లేదా, మోటారు ఇదివరకటికన్నా ఎక్కువసేపు వేయాల్సొస్తోందని?”

“నువ్వు కరెంటు గురించి చెప్పావు.”

“మీకు ఏది చెప్పినా కరెంటు గురించే వినిపిస్తుంది.”

ఓనరుగారు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. క్షమాపణ అడిగే మనిషి కాదు, అడగలేదు. మోతమనిషిని చూసి, “ఆ డబ్బాలు ఎక్కడివి అక్కడే పెట్టు” అన్నాడు. అతను పెట్టబోతుంటే ఒక పక్క తనే పట్టుకున్నాడు. తెల్ల చొక్కా నిండా బురదైంది. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరక్కుండానే, “అమ్మగారికి చెప్పండి, మేడ మీద ఆవిడ చోటు ఆవిడదేనని” అని దిగిపోయాడు.

చూశావా, చోటు నిలిచింది. ఆ వెర్రివాడు కన్నాలు మూయకపోతే, నీళ్ళు మా డబ్బాలవి కావని ఎవరూ నమ్మేవారు కాదు. మూశాడు కాబట్టి తోటకి చోటుంది, మూశాడు కాబట్టి చోటులో తోట లేదు. దీన్ని వాడు పుణ్యంలో వేసుకోవాలో పాపంలో వేసుకోవాలో తెలియక అన్నం మానేసి మెట్ల మీద కూర్చున్నాడు.

“బావా, ఎండకి పోయాయని చెప్పేద్దాం. ఎండని ఎవరూ ఏమీ అనరు, అడగరు.”

“మీ అక్క డబ్బా తిరగేస్తుందిరా.”

“ఈలోపు నేను కన్నాలు పెట్టేస్తా కదా.”

“కొత్త కన్నాలని కనిపెడుతుంది. ఇప్పుడు కన్ను బాగుపడింది.”

వాడు తల పట్టుకున్నాడు. ఆ సాయంత్రమే మేకు కాల్చాడు. మీ అమ్మమ్మ పొడిచినచోటే, ఒక్కటి కూడా పక్కకి పోకుండా, మళ్ళీ పొడిచాడు. పొగకి కళ్ళు నీళ్ళు కారుతున్నాయన్నాడు, నేనూ పొగే అన్నాను. ప్రతి డబ్బా కిందనుంచీ నల్లటి నీళ్ళు అలా వస్తూనే ఉన్నాయి. మేడంతా తడిసింది. ఓనరుగారు పైకొచ్చి చూసి, చీపురు తెచ్చి నీళ్ళని తూము వైపు తోశాడు.

ఇప్పుడు పరిస్థితి ఇదీ, ఉన్నదున్నట్టు రాయి. టమాటా అంతా పోయింది. వంగ కూడా పోయినట్టే, కాడ గిల్లితే లోపల గోధుమరంగు. మిర్చి ఆకులన్నీ రాల్చి పుల్లలా నిలబడింది, గిల్లితే ఒక్కచోట పచ్చగా ఉంది. బెండ సంగతి నాకు తెలియదు. బీర తీగ కింద కుళ్ళింది, పైన కొస మాత్రం పందిరి గుడ్డని ఇంకా పట్టుకునే ఉంది, తను పోయిన సంగతి దానికి తెలిసినట్టు లేదు. రోజూ పొద్దున వెళ్ళి రెండో కణుపు దాకా వేలు గుచ్చి చూస్తున్నాను. తడే తగులుతోంది. బకెట్టు పట్టుకోకుండా ఆ మెట్లు దిగడం నా వల్ల కావడం లేదు, అయినా దిగుతున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఇవాళ నువ్వు చూస్తుండగానే ఎన్నిసార్లు ఎక్కానో చూశావుగా.

వాటిని పీకెయ్యమంటాడు మీ లప్పం తాతయ్య. పీకి, మట్టి ఆరబెట్టి, నర్సరీ నుంచి కొత్త నారు తెచ్చి, ఆవిడ వచ్చేసరికి పచ్చగా కనిపించేట్టు చేద్దామంటాడు. మూసి, రెండు కోటింగులు వేసినట్టే. నా చెయ్యి రావడం లేదు. అవి ఆవిడ మొక్కలు. చచ్చిందేదో, ఇంకా ఊపిరున్నదేదో గిల్లి చెప్పగలిగేది ఆవిడే. మేం ఇద్దరం చూసి చెప్పగలిగే రకం అయితే ఇంతదాకా వచ్చేదా?

రేపు నువ్వు మీ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాక, ఆవిడ కంటికి శ్రమ పెట్టకూడదన్నారు కాబట్టి, ఇది నువ్వే చదివి వినిపించు. నా అంత మెల్లగా చదవకు, మధ్యలో పడుకుంటుంది. డబ్బా అడుగు దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకో, కోపంలో గభాల్న లేస్తుంది, తల వంచకూడదన్నాడు డాక్టరు. తిట్టడం మొదలుపెడితే ఆపకు, పూర్తిగా తిట్టనియ్, ఎవర్ని ఎంత తిట్టిందో మాకు సమంగా పంచి చెప్పు. అంతా అయ్యాక నెమ్మదిగా అడుగు: మొక్కలు పీకెయ్యమంటావా, నువ్వొచ్చేదాకా ఉంచమంటావా అని. ఆవిడ ఏమంటే అది, ఆ మాట ఉన్నదున్నట్టు, నాకు ఫోన్ చేసి చెప్పు తల్లీ. నేను ఇక్కడ మెట్ల దగ్గరే ఉంటాను.